అసర్ట్ పడింది, కబురు రాలేదు: లక్షణం నుంచి కారణం దాకా

బెంగళూరులో ఫర్మ్‌వేర్, కెర్నల్ పనిలోకి కొత్తగా వచ్చిన మన తెలుగు పిల్లల నోట ల్యాబ్‌లో తరచుగా వినిపించే మాట: "అన్నా, బోర్డు హ్యాంగ్ అయింది." హ్యాంగ్ అనేది బయటికి కనిపించే లక్షణమే. లోపల చాలాసార్లు ఏదో ఒక అసర్ట్ (ఇది నిజం కాకపోతే ఇక్కడే ఆపేయి అని కోడ్‌లో మనం పెట్టే చెక్) సరిగ్గానే తప్పు పట్టుకుని ఉంటుంది. ఆ సంగతి మన దాకా రాకుండా దారిలో ఎక్కడో ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో పట్టుకోవడానికే ఇది రాస్తున్నాను.

లైనక్స్ మీద నడిచే ప్రోగ్రామ్ అయితే ముందు షెల్‌లో ఎగ్జిట్ కోడ్ చూడండి. 134 అంటే 128కి సిగ్నల్ నంబర్ 6 కలిపితే వచ్చింది. ఆ 6 సిగ్అబర్ట్, ప్రోగ్రామ్ తనని తానే ఆపేసుకునే సిగ్నల్. అసర్ట్ పడితే వచ్చేది ఇదే. 139 అయితే సెగ్మెంటేషన్ ఫాల్ట్, ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుంది. 137 అయితే బయటి నుంచి సిగ్‌కిల్ (వెంటనే చంపేసే సిగ్నల్) వచ్చింది. మెమరీ చాలక కెర్నలే చంపిందేమో డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్‌లో) చూడండి, మీ కోడ్‌లో అసర్ట్‌ల కోసం వెతుకుతూ కూర్చోకండి.

సమస్య: డీబగ్ బిల్డ్ నడుస్తుంది, రిలీజ్ బిల్డ్ నడవదు

అసర్ట్‌లని తీసేసే ఎన్‌డీబగ్ మాక్రో ఉంటే సీ భాషలో అసర్ట్ బ్రాకెట్లలో రాసింది అసలు నడవదు. అక్కడ డీఎంఏని (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటా మోసే హార్డ్‌వేర్‌ని) మొదలుపెట్టే ఫంక్షన్‌ని పిలిచి, సున్నా వచ్చిందా అని చూశారనుకోండి. రిలీజ్‌లో ఆ చెకింగ్‌తో పాటు పిలుపు కూడా మాయమవుతుంది. సీమేక్ అనే బిల్డ్ టూల్ వాడేవాళ్లు ఇంకోటి గమనించాలి. రిలీజ్‌లోనే కాదు, రెల్‌విత్‌డెబ్‌ఇన్ఫో అనే బిల్డ్ రకంలో కూడా ఎన్‌డీబగ్ ఉంటుంది. పేరులో డీబగ్ కనిపించిందని అసర్ట్‌లు ఉంటాయనుకోవద్దు.

పరిష్కారం: ఫంక్షన్‌ని విడిగా పిలిచి, ఫలితాన్ని వేరియబుల్‌లో పెట్టుకుని, అప్పుడు అసర్ట్ చేయండి. రిలీజ్‌లో "ఈ వేరియబుల్ వాడలేదు" అని కంపైలర్ వార్నింగ్ ఇస్తుంది. దాన్ని నోరు మూయించకండి. హార్డ్‌వేర్ ఇచ్చిన ఎర్రర్‌ని రిలీజ్‌లో ఎవరూ చూడటం లేదని అది చెబుతోంది. హార్డ్‌వేర్ ఫెయిల్ కావడం మామూలుగా జరిగేదే, దానికి ఇఫ్ రాయాలి. ఎప్పటికీ జరగకూడనిదానికే అసర్ట్.

సమస్య: "అన్నా, డీబగ్గర్ తగిలిస్తే బాగానే ఉంది, తీసేస్తే చచ్చిపోతోంది"

కార్టెక్స్-ఎం (చిన్న ఆర్మ్ ప్రాసెసర్) బోర్డుల మీద ఇలా జరిగితే నేను మొదట అనుమానించేది సెమీహోస్టింగ్‌ని, అంటే బోర్డు తన మెసేజ్‌లని డీబగ్గర్ ద్వారా మన కంప్యూటర్‌కి పంపే పద్ధతిని. అలా లింక్ చేసిన బిల్డ్‌లో లైబ్రరీ అసర్ట్ తన మెసేజ్‌ని బ్రేక్‌పాయింట్ ఇన్‌స్ట్రక్షన్ ద్వారా డీబగ్గర్‌కి పంపుతుంది. డీబగ్గర్ లేకపోతే అదే ఇన్‌స్ట్రక్షన్ హార్డ్‌ఫాల్ట్ (ప్రాసెసర్ ముందుకి వెళ్లలేక ఆగిపోయే ఎర్రర్) అవుతుంది. మీకు కనిపించేది హార్డ్‌ఫాల్ట్, అసలు అసర్ట్ దాని వెనక ఉండిపోతుంది.

అసర్ట్ హ్యాండ్లర్‌ని మీరే రాసుకోండి. ఇంటరప్ట్‌లు ఆపాలి. ఫైలు, లైను, పీసీ (నడుస్తున్న ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్), ఎల్ఆర్ (తిరిగి వెళ్లాల్సిన అడ్రస్) విలువలని స్టార్టప్ కోడ్ సున్నా చేయని ర్యామ్ సెక్షన్‌లో రాయాలి. పక్కన ఒక మ్యాజిక్ నంబర్ (ఇక్కడ రికార్డు ఉందని చెప్పే గుర్తు), ఒక సీఆర్‌సీ (డేటా చెడిందో లేదో చెప్పే చెక్‌సమ్) ఉంచి, రీసెట్ కొట్టాలి. బూట్ కాగానే అది చదివి యూఆర్ట్ (సీరియల్ పోర్ట్) మీద పంపాలి. పవర్ ఇప్పుడే వచ్చిన ర్యామ్‌లో చెత్త ఉంటుంది, సీఆర్‌సీ లేకపోతే ఆ చెత్తనే రిపోర్ట్ అనుకుంటారు. బూట్‌లోడర్ కూడా ఆ ర్యామ్‌ని ముట్టుకోకుండా చూసుకోండి.

బోర్డు పీణ్యాలో ఏదో ఫ్యాక్టరీలో ఉందనుకోండి. మీరు ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ట్రాఫిక్ దాటి జేటాగ్ (బోర్డుకి తగిలించే డీబగ్గర్) పట్టుకెళ్లేలోపు అక్కడివాళ్లు స్విచ్ ఆపి వేసేస్తారు, ర్యామ్‌లో ఉన్నది పోతుంది. అందుకే బూట్ కాగానే ఆ రికార్డుని ఫ్లాష్‌లోకి కూడా కాపీ చేయమంటాను.

సమస్య: బ్యాక్‌ట్రేస్‌లో సంబంధం లేని ఫంక్షన్ పేరు

బ్యాక్‌ట్రేస్ అంటే ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా. అందరూ ఎక్కువ తికమకపడేది ఇక్కడే. ప్రోగ్రామ్‌ని ఆపేసే అబర్ట్ లాంటి ఫంక్షన్ తిరిగి రాదని కంపైలర్‌కి తెలుసు. కాబట్టి దాన్ని పిలిచిన తర్వాత ఇంకే కోడూ పెట్టదు, చాలాసార్లు ఆ పిలుపే ఫంక్షన్‌లో ఆఖరి ఇన్‌స్ట్రక్షన్ అవుతుంది. రిటర్న్ అడ్రస్ దాని తర్వాతి చోటు, అంటే పక్క ఫంక్షన్ మొదలు. ఆ అడ్రస్‌ని అలాగే యాడర్2లైన్‌కి (అడ్రస్‌ని ఫంక్షన్ పేరు, లైనుగా మార్చే టూల్‌కి) ఇస్తే ఏ పాపం ఎరగని పక్క ఫంక్షన్ పేరు చెబుతుంది.

రిటర్న్ అడ్రస్‌లోంచి 1 తీసేసి ఇవ్వండి. ఆర్మ్ థంబ్ (కార్టెక్స్-ఎం వాడే ఇన్‌స్ట్రక్షన్లు) కోడ్‌లో మాత్రం ఎల్ఆర్ ఆఖరి బిట్ 1గా ఉంటుంది, 1 తీస్తే ఆ బిట్టే పోతుంది, చోటు మారదు. అక్కడ 2 తీయాలి. ఫాల్ట్ అయిన పీసీలోంచి మాత్రం ఏమీ తీయకూడదు, అది రిటర్న్ అడ్రస్ కాదు.

పేరు సరైనదే, లైను మాత్రం తప్పు అయితే కారణం వేరు. ఒకే ఫంక్షన్‌లో ఉన్న నాలుగైదు అసర్ట్‌లు ఆర్గ్యుమెంట్లు లేని ఒకే హ్యాండ్లర్‌ని పిలుస్తుంటే, ఆప్టిమైజర్ అన్నిటినీ కలిపి ఒకే పిలుపు చేస్తుంది. జీసీసీ కంపైలర్‌లో దీన్ని క్రాస్‌జంపింగ్ అంటారు, ఆపే ఆప్షన్ ఉంది. అంతకంటే లైన్ నంబర్‌ని ఆర్గ్యుమెంట్‌గా పంపడం మేలు. పిలుపులు కలిసిపోయినా నంబర్ విడిగానే వస్తుంది.

సమస్య: రిపోర్ట్ రాస్తూ రాస్తూ ఆగిపోతుంది, లేదా లాగ్‌లో ఆఖరి లైన్లు ఉండవు

మెమరీ కేటాయించే మాలక్ తన లాక్ పట్టుకున్న క్షణంలో క్రాష్ అయి, అప్పుడు నడిచే సిగ్నల్ హ్యాండ్లర్ మళ్లీ మాలక్ చేస్తే అక్కడే డెడ్‌లాక్, ఆ లాక్ ఎప్పటికీ దొరకదు. ప్రింట్ఎఫ్ కూడా ఇంతే ప్రమాదం. ముందే కేటాయించిన బఫర్‌లో రాసి, రైట్ సిస్టమ్ కాల్‌తో పంపండి. హ్యాండ్లర్‌లోకి రెండోసారి వస్తే ఏమీ చేయకుండా బయటపడేలా ఒక ఫ్లాగ్ పెట్టండి. ఆఖరి లైన్లు పోవడానికి కారణం ఎస్‌టీడీఅవుట్ (ప్రోగ్రామ్ మామూలు అవుట్‌పుట్) బఫర్. ఫైలుకి మళ్లించినప్పుడు అది నిండేదాకా రాయదు, లైనక్స్ సీ లైబ్రరీ గ్లిబ్‌సీ 2.27 నుంచి అబర్ట్ దాన్ని ఫ్లష్ చేయదు, అంటే మిగిలింది బయటికి రాయదు.

రిపోర్ట్ వెళ్లే దారి, మామూలు డేటా వెళ్లే దారి ఒకటి కాకూడదు. 1996 జూన్ 4న ఏరియాన్ 5 మొదటి ప్రయోగంలో 64 బిట్ల ఫ్లోటింగ్ విలువని 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోయి నావిగేషన్ యూనిట్ ఆగిపోయింది. అది పంపిన ఎర్రర్ వివరాలని ఫ్లైట్ కంప్యూటర్ నిజమైన ఫ్లైట్ డేటా అనుకుని నాజిల్‌లని తిప్పింది. రాకెట్ నిమిషంలోపే ముక్కలైంది.

సమస్య: కెర్నల్ ఊప్స్ తర్వాత మెషీన్ సగం బతికి ఉంటుంది

ఊప్స్ అంటే కెర్నల్ తనలోనే పట్టుకున్న తప్పు రిపోర్ట్. బగ్ఆన్ (కెర్నల్‌లో అసర్ట్ లాంటిది) పడిన థ్రెడ్ చేతిలో లాక్ ఉంటే అది ఎప్పటికీ విడుదల కాదు. మిగతావాళ్లు ఆ లాక్ కోసం ఒక్కొక్కరే వచ్చి ఆగిపోతారు. డ్రైవర్లలో వార్న్ఆన్ (హెచ్చరించి ముందుకి వెళ్లేది) వేసి ఎర్రర్ తిరిగి ఇవ్వండి. దూరంగా ఉన్న మెషీన్లలో ఊప్స్ వస్తే పానిక్ అయ్యేలా (కెర్నల్ పూర్తిగా ఆగిపోయేలా), పానిక్ తర్వాత 10 సెకన్లకి రీబూట్ అయ్యేలా సిస్‌సీటీఎల్ (కెర్నల్ సెట్టింగ్‌లు) పెట్టండి. కెర్నల్.పానిక్ విలువ 0 అయితే మెషీన్ అలాగే పడి ఉంటుంది. లాగ్ మిగలాలంటే ర్యామూప్స్ (లాగ్‌ని రీబూట్‌కి పోని ర్యామ్‌లో ఉంచేది) కావాలి. రీబూట్ తర్వాత ఆ లాగ్‌లు కనిపించే పీస్టోర్ ఖాళీగా కనిపిస్తే కంగారుపడకండి. సిస్టమ్‌డీ ఆ ఫైళ్లని బూట్‌లోనే వార్ కింద లిబ్‌లో ఉన్న సిస్టమ్‌డీ డైరెక్టరీకి మార్చి ఉండొచ్చు, అక్కడి పీస్టోర్ ఫోల్డర్‌లో చూడండి.