సెమిస్టర్ ఫలితాల వారం: అధ్యాపకులకు, వార్డెన్లకు జాగ్రత్తలు

• చనిపోవాలని ఉందని విద్యార్థి అంటే ఒంటరిగా వదలకండి. ఆ ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ధైర్యం చెప్పే ఉపన్యాసం వద్దు, వినండి చాలు.

• 'ఎవరికీ చెప్పను' అని మాట ఇవ్వకండి. ప్రాణాపాయముంటే చెప్పక తప్పదు, అప్పుడు నమ్మకం పోతుంది.

• ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు ఫోనులో ఉంచుకోండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. కష్టాలు కౌన్సెలర్ పనివేళలు చూసుకుని రావు కదా!

• ఇంటికి ఫోను చేసేముందు వీలైతే విద్యార్థిని అడగండి. కొందరికి ఒత్తిడి మొదలయ్యేదే అక్కడ.

• హాజరు తగ్గితే నోటీసుకన్నా ముందు పలకరించండి. మెస్‌కు రావడం మానేసినవారినీ గమనించండి.

• తప్పినవారి పేర్లు తరగతిలో చదవకండి.