కంప్యూటర్ పవర్ సప్లై మూత తీసి నాణ్యత చూడటం ఎలా?

బరువును, పెట్టె మీది వాట్లను చూసి పవర్ సప్లై మంచిదని తేల్చేవారే ఎక్కువ. 80 ప్లస్ గుర్తు కూడా కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుందే తప్ప, లోపలి భాగాలు ఎన్నాళ్లు మన్నుతాయో చెప్పదు. మూత తీసి చూడాల్సిందే. వారంటీ ఉన్నదాన్ని మాత్రం తెరవకండి.

కావలసినవి: స్క్రూడ్రైవర్, 1000 వోల్టుల డీసీ కొలిచే మల్టీమీటర్, 1000 వోల్టులకు తట్టుకునే చేతి తొడుగులు, 10 కిలోఓముల 10 వాట్ల రెసిస్టర్, దాని కొసలకు అతికిన ఇన్సులేటెడ్ ప్రోబులు. గోడ ప్లగ్గుతో సహా తీగలన్నీ విప్పి, స్క్రూలు తీసి మూత ఎత్తండి. ఫ్యాను ప్లగ్గు ఊడదీయండి.

ఇక్కడ ఆగండి. గోడ ప్లగ్గు తీసేశాం కదా అని చాలామంది నేరుగా వేలు పెడతారు. ప్రైమరీ వైపు, అంటే గోడ కరెంటు వచ్చే వైపున్న లావుపాటి కెపాసిటర్‌లో (ఛార్జిని నిల్వచేసే భాగం) దాదాపు 400 వోల్టుల దాకా నిల్వ ఉండవచ్చు. దాన్ని ఖాళీ చేయడానికి బోర్డు మీదే పెట్టిన రెసిస్టర్ కాలిపోయి ఉంటే ఆ ఛార్జి అలాగే ఉండిపోతుంది. పక్కనున్న అల్యూమినియం హీట్‌సింకుల్లోనూ కరెంటు ఉండవచ్చు. తొడుగులు వేసుకుని, బోర్డును అంచులతోనే పట్టుకుని పొడి చెక్క బల్ల మీద బోర్లించండి.

ముందుగా మీటరు పనిచేస్తోందో లేదో ఒక బ్యాటరీ మీద చూసుకోండి. తర్వాత కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య కొలవండి. ప్రోబులు రెండూ కుడి చేతితోనే పట్టాలి, ఎడమ చేయి వెనక్కి ఉండాలి. ఇది నియమం. మీ రెసిస్టర్ ప్రోబులను ఆ కాళ్లకు నిమిషం పాటు ఆనించి, మళ్లీ కొలవండి. ఐదు నిమిషాలాగి ఇంకోసారి కొలవండి, ఎందుకంటే ఖాళీ అయిన కెపాసిటర్‌లో కొంత వోల్టేజీ తిరిగి పేరుకుంటుంది. చివరగా మీటరును బ్యాటరీ మీద మరోసారి పరీక్షించండి. మీటరే పాడైతే అది చూపే సున్నాకు విలువ లేదు.

స్క్రూడ్రైవర్‌తో కాళ్లు కలిపేస్తే చాలనే సలహా వినకండి. నిప్పురవ్వ లేచి కరిగిన లోహం కళ్లలోకి చిమ్మవచ్చు, బోర్డు మీది రాగి దారులు తెగవచ్చు. బల్బుతో ఖాళీ చేసే పద్ధతీ నాకు నచ్చదు. ఫిలమెంటు తెగి ఉంటే బల్బు వెలగదు, మీరేమో ఖాళీ అయిందనుకుంటారు.

ఇక పరిశీలన. కరెంటు లోపలికి వచ్చే చోట అందులోని అలజడిని ఆపే ఫిల్టర్ చుట్టలు, పెట్టెలాంటి ఎక్స్ కెపాసిటర్లు, చిన్న బిళ్లల్లాంటి వై కెపాసిటర్లు ఉండాలి. నాసిరకం తయారీలో వాటి స్థలాలు ఖాళీగా ఉంటాయి, చుట్ట ఉండాల్సిన చోట తీగముక్క అతికిస్తారు. అలాంటిది కనిపిస్తే పక్కన పెట్టేయండి. కెపాసిటర్ల మీద 85 కాదు, 105 డిగ్రీలని ఉండాలి. వేడి పది డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. సెకండరీ వైపు, అంటే కంప్యూటర్‌కు కరెంటు వెళ్లే వైపు, నిలువుగా నిలబెట్టిన చిన్న డీసీ-డీసీ బోర్డులుంటే (12 వోల్టుల నుంచి తక్కువ వోల్టేజీలు విడిగా తయారుచేసేవి) మంచి గుర్తు. అవి లేకుండా అన్ని వోల్టేజీలకూ ఒకే పెద్ద చుట్టతో నెట్టుకొస్తే, లోడు ఒకవైపు పెరిగినప్పుడు 12, 5 వోల్టుల లైన్లు రెండూ గాడి తప్పుతాయి.

అడుగున టంకం ప్రతి కాలి చుట్టూ నున్నగా పరుచుకుని ఉండాలి. ఉంగరంలా పగుళ్లు, కత్తిరించని పొడవాటి కాళ్లు కనిపిస్తే ఆ యూనిట్‌ను నేను వాడను.

తిరిగి బిగించేటప్పుడు బోర్డు కింది ప్లాస్టిక్ రేకును మరవకండి. అది లేకుంటే టంకం కాళ్లు ఇనుప పెట్టెకు తగులుతాయి. ఫ్యాను ప్లగ్గు పెట్టి, మూత పూర్తిగా బిగించాకే కరెంటు ఇవ్వండి.