1850కి ముందు న్యూ ఇంగ్లండ్ పూర్వీకుల్ని వెతకడం ఎలా

అమెరికాలో సెన్సస్ 1790లో మొదలైంది. కానీ 1840 దాకా అందులో ఇంటి యజమాని పేరొక్కటే ఉంటుంది, మిగతావాళ్లంతా వయసుల వారీగా వేసిన అంకెలే. స్వతంత్రులందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది. యజమానికి ఎవరు ఏమవుతారో రాసింది 1880 నుంచి. అందుకే అమెరికన్ కోడలి వైపో అల్లుడి వైపో వంశవృక్షం గీసేవాళ్లకు 1850 దాకా నల్లేరు మీద బండి నడక. అంతకు ముందు కాలానికి ఊరి కాగితాలే దిక్కు. న్యూ ఇంగ్లండ్ అంటే అమెరికా ఈశాన్య మూలనున్న ఆరు రాష్ట్రాలు. ఇక్కడ చెప్పేది ప్రధానంగా వాటిలో మసాచుసెట్స్ గురించి.

మొదట 1850 సెన్సస్‌లో దొరికిన పెద్ద వయసు మనిషిని పట్టుకోండి. మసాచుసెట్స్‌లో 1841 నుంచి రాష్ట్రం మొత్తానికీ జనన, వివాహ, మరణ రిజిస్టర్లున్నాయి. 1850 తర్వాతి మరణ నమోదుల్లో తల్లిదండ్రుల పేర్లు కూడా తరచూ ఉంటాయి. 1785లో పుట్టినవాడు 1856లో పోతే, ఆ ఒక్క వరసతో ఒక తరం వెనక్కి వెళ్లొచ్చు. అయితే ఆ వివరాలు చెప్పింది పోయినవాడు కాదు, కొడుకో పొరుగువాడో. తాత పేరు వాళ్లు తప్పు చెప్పి ఉండొచ్చు.

పేరు కన్నా ముందు చోటు తేల్చుకోవాలి. కాగితం అప్పటి పాలనా హద్దుల ప్రకారం దాచి ఉంటుంది, ఇప్పటి మ్యాపు ప్రకారం కాదు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఇప్పుడు హాంప్‌డెన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఉంది. కానీ ఆ కౌంటీ ఏర్పడింది 1812లో. 1790లో అక్కడ పోయినవాడి వీలునామా హాంప్‌షైర్ కౌంటీ ప్రొబేట్ రికార్డుల్లో (పోయినవాళ్ల ఆస్తి పంపకాల కోర్టు కాగితాల్లో), అంటే నార్తాంప్టన్‌లో వెతకాలి. ఏ ఏడాదికి హద్దులెలా ఉన్నాయో చూపించే మ్యాపుల్ని షికాగోలోని న్యూబెర్రీ లైబ్రరీ ఉచితంగా ఇస్తోంది. రాష్ట్రాన్ని బట్టి పద్ధతి కూడా మారుతుంది: భూమి దస్తావేజులు మసాచుసెట్స్‌లో కౌంటీ దగ్గర, కనెక్టికట్, రోడ్ ఐలండ్, వెర్మాంట్‌లలో టౌన్ క్లర్క్ (ఊరి రికార్డులు దాచే అధికారి) దగ్గర ఉంటాయి. వీలునామాలు రోడ్ ఐలండ్‌లో టౌన్‌వి, కనెక్టికట్‌లో ప్రొబేట్ డిస్ట్రిక్టువి. ‘రికార్డు లేదు’ అని వదిలేసిన కేసుల్లో చాలావాటికి తప్పు ఆఫీసులో వెతకడమే కారణం.

మసాచుసెట్స్ ఊళ్ల 1850 వరకున్న జనన మరణ వివాహ పుస్తకాలు చాలావరకు అచ్చయ్యాయి. వాటిలో పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి కాబట్టి కుటుంబాలు చెదిరిపోయాయి. టౌన్ క్లర్క్ చేతిరాత పుస్తకంలో ఒక తండ్రి పిల్లలందరూ తరచూ ఒకే పేజీలో ఉంటారు. కాబట్టి అచ్చు పుస్తకంలో పేరు దొరకగానే అసలు పేజీ తీయండి. అచ్చులో సీ.ఆర్. అంటే చర్చి రికార్డు, జీ.ఆర్. అంటే సమాధి రాయి, పీ.ఆర్. అంటే ఇంట్లో దాచిన కాగితం. పెళ్లి దగ్గర ‘ఇంట్.’ అని ఉంటే అది పెళ్లి తేదీ కాదు, చేసుకోబోతున్నట్టు ప్రకటించిన తేదీ.

తేదీలూ బోల్తా కొట్టిస్తాయి. 1752కి ముందు అక్కడ కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. 1720 మేలో పెళ్లి, 1720 ఫిబ్రవరిలో బిడ్డకు బాప్తిస్మం అని కనిపిస్తే కంగారు పడొద్దు, ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1721. నెల పేరు లేకుండా ‘మొదటి నెల’ అని రాస్తే ఆ కాలంలో అది మార్చి. కాగితం మీద 1720/21 అని ఉంటే అలాగే ఎక్కించుకోండి, సవరించొద్దు.

తండ్రీకొడుకుల సంబంధాన్ని గట్టిగా నిలబెట్టేవి మాత్రం భూమి కాగితాలూ వీలునామాలే. అమ్మినవారి సూచిక, కొన్నవారి సూచిక వేరువేరుగా ఉంటాయి, రెండూ చూడాలి. ఒకడు భూమి అమ్మాడు కానీ కొన్న దస్తావేజు లేదు అంటే, అది బహుశా వారసత్వంగానో అత్తవారి వైపు నుంచో వచ్చి ఉంటుంది. ‘ప్రేమాభిమానాల కొద్దీ’ అని రాసినా, ధర నామమాత్రంగా ఉన్నా బంధుత్వాన్ని అనుమానించండి. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కలిసి తండ్రి భూమి అమ్మిన దస్తావేజు దొరికితే పంట పండినట్టే, పెళ్లైన కూతుళ్ల పేర్లు భర్తలతో సహా ఉంటాయి. చివర్లో భార్య తన హక్కు వదులుకుంటూ చేసే సంతకం కొన్నిసార్లు ఆమె పేరు బయటపడే ఏకైక చోటు. హద్దుల్లో కనిపించే పొరుగువాళ్లనూ రాసుకోండి, వాళ్లలో వియ్యంకులుంటారు. దస్తావేజు రాసిన ఏళ్లకు గానీ రిజిస్టరు చేయించనివాళ్లు చాలామంది. కాబట్టి మనిషి పోయాక మరో యాభై ఏళ్ల దాకా సూచిక చూడాలి.

ప్రొబేట్‌లో వీలునామా ఒక్కటే అడిగితే సగమే చేతికొస్తుంది. ఆస్తి జాబితా, పంపకం పత్రం, వారసులిచ్చిన రశీదులు, సంరక్షకుడి నియామకం ఉన్న కట్ట మొత్తం కావాలి. పద్నాలుగేళ్లు నిండిన పిల్లలు సంరక్షకుణ్ని తామే ఎంచుకోవచ్చు, ఆ కాగితంతో వయసు అంచనా వేయొచ్చు. వీలునామాలో పేరు లేని కొడుకు కొడుకే కాదనుకోకండి, తన వాటా ముందే పుచ్చుకుని ఉండొచ్చు. అందులో ‘నా భార్య’ అన్న ఆవిడ పిల్లలందరికీ తల్లి కాకపోవచ్చు. వీలునామా లేకుండా పోతే మసాచుసెట్స్‌లో 1789 దాకా పెద్దకొడుక్కి రెండు వాటాలొచ్చేవి, పెద్దవాడెవరో దాంతో తేలుతుంది.

అందరూ పడే గొయ్యి ఒకే పేరున్న ఇద్దరిని ఒకడిగా కలిపేయడం. ‘జూనియర్’ అంటే కొడుకనే కాదు, ఆ ఊళ్లో ఆ పేరున్న చిన్నవాడని కూడా. పెద్దాయన పోగానే జూనియర్ కాస్తా సీనియర్ అవుతాడు. ప్రతి ఒక్కడికీ భార్య, వృత్తి, భూమి, సంతకమో దాని బదులు గీసిన గుర్తో ఏదో, ఆఖరిసారి కనిపించిన తేదీ వేరుగా రాసి పెట్టుకుంటేనే ఇద్దరూ విడిపోతారు. ఆన్‌లైన్ వంశవృక్షాల్లో ఈ తప్పు కాపీల మీద కాపీలై తిరుగుతోంది.

ఈ కాగితాల ఫొటోలు చాలావరకు ఫ్యామిలీసెర్చ్ అనే వంశ రికార్డుల వెబ్‌సైట్‌లో ఉచితం. పేరు పెట్టెలో టైపు చేసి ఊరుకోకుండా కేటలాగ్‌లో ఊరు, కౌంటీ పేర్లతో వెతకండి. సూచికకు ఎక్కని పుస్తకాలు అక్కడే దొరుకుతాయి. కొన్ని మాత్రం అనుబంధ లైబ్రరీకి వెళ్తేనే తెరుచుకుంటాయి. చేతిరాతను కంప్యూటర్‌తో చదివించే ఫుల్ టెక్స్ట్ వెతుకులాట దస్తావేజులకు బాగా పనికొస్తుంది కానీ పేర్లను తప్పు చదువుతుంది. జాన్‌ను గుమాస్తాలు జె-ఎన్-ఓ అని పొట్టిగా రాసేవారు, అలా కూడా వెతకాలి.

దక్షిణాది రాష్ట్రాల్లో బానిసలుగా ఉన్న నల్లజాతి కుటుంబాలకు దారి వేరు. 1850, 1860 బానిసల జాబితాల్లో యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు తప్ప సాధారణంగా పేర్లుండవు. 1870 సెన్సస్ నుంచి వెనక్కి వెళ్లి, యజమాని ఎవరో పట్టుకుని, అతని ఆస్తి జాబితాలో పేర్లు వెతకాలి.

పూర్వీకుడు స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడి ఉంటే పెన్షన్ ఫైలు మరిచిపోవద్దు. 1836 చట్టం కింద అర్జీ పెట్టిన వితంతువులు పెళ్లి రుజువు చూపాలి, కొందరు ఇంటి బైబిల్‌లోని పేజీనే చించి పంపారు. ఈ ఫైళ్లు నేషనల్ ఆర్కైవ్స్ మైక్రోఫిల్మ్‌లో రెండు వరసలుగా ఉన్నాయి: ఎం804లో పూర్తి ఫైలు, ఎం805లో ఏరిన పేజీలు. ఎం804 చూడండి.