మెష్‌లు కలవని ఇంటర్‌ఫేస్ దగ్గర ఫ్లక్స్ కారిపోతుంటే ఏం చేయాలి

పంపులో నీటి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కకట్టడానికి లోపలి జాగాని చిన్న గళ్ళుగా (సెల్‌లుగా) విడగొడతాం, ఆ గళ్ళ అల్లికే మెష్. ఇంపెల్లర్ (నీటిని తోసే బ్లేడ్ల చక్రం) చుట్టూ తిరిగే జోన్‌కి ఒక మెష్, కదలని కేసింగ్‌కి ఇంకొకటి, మధ్యలో ఆ రెండూ ఆనుకునే ఇంటర్‌ఫేస్. రెసిడ్యువల్స్ (సమీకరణాల్లో ఇంకా మిగిలిన తేడాలు) బుద్ధిగా దిగిపోయాయి కానీ ఇన్‌లెట్‌లో వెళ్ళిన నీళ్ళూ అవుట్‌లెట్‌లో వచ్చిన నీళ్ళూ సరిపోవడం లేదు. ఇలాంటప్పుడు చాలామంది టర్బులెన్స్ మోడల్ (సుడుల ప్రభావాన్ని లెక్కించే నమూనా) మీద పడతారు. ముందు ఇంటర్‌ఫేస్ చూడండి.

అసలు తప్పు ఎలా పుడుతుందో చిన్న లెక్కలో చూద్దాం. ఎడమవైపు 1 మీటరు పొడవున్న ముఖాలు (సెల్ పక్కలు) రెండు, వాటి మీద వేగం 2, 4. అంటే మొత్తం ఫ్లక్స్ (ముఖాల గుండా దాటే ప్రవాహం) 6. కుడివైపు అదే పొడవులో మూడు సమాన ముఖాలు. ఒక్కోదానికి దగ్గర్లో ఉన్న విలువ తీసుకుంటే 2, 4, 4 వస్తాయి (మధ్యది రెండింటికీ సమాన దూరమే, సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి పట్టుకుంటుంది), ఫ్లక్స్ 6.67 అయింది. ఎక్కడి నుంచో 11 శాతం నీళ్ళు పుట్టుకొచ్చాయి! అదే ముఖాలు ఒకదానిమీద ఒకటి ఎంత మేర పడుతున్నాయో కొలిచి ఆ వైశాల్యాల ప్రకారం పంచితే మధ్య ముఖానికి 3 వస్తుంది, మొత్తం మళ్ళీ 6. ఓపెన్‌ఫోమ్ అనే ప్రవాహ లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఏఎంఐ (ఆర్బిట్రరీ మెష్ ఇంటర్‌ఫేస్) చేసేది ఈ పనే.

మరి అది వాడినా ఎందుకు కారుతుంది? గుండ్రటి ఇంటర్‌ఫేస్ వల్ల. మెష్‌లో వృత్తం ఉండదు, చిన్న చిన్న గీతలే ఉంటాయి. 100 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తాన్ని 60 ముక్కలు చేస్తే గీతకీ అసలు వృత్తానికీ మధ్య దాదాపు 0.14 మిల్లీమీటర్ల ఖాళీ, 180 చేస్తే 0.015. రెండు వైపులా ముక్కలు వేరైతే ఆ ఖాళీలు, అతివ్యాప్తులు మిగిలిపోతాయి. గోడ దగ్గర సన్నటి పొరలు ఇంటర్‌ఫేస్‌ని తాకేచోట ఇంకా టెన్షన్, ఎందుకంటే అక్కడ మొదటి సెల్ మందమే ఆ ఖాళీ కంటే తక్కువ కావచ్చు.

సాఫ్ట్‌వేర్ రాసే లాగ్ మొదట్లో ఏఎంఐ వెయిట్ల (ఒక్కో ముఖంలో ఎంత భాగం అవతలి ముఖాలతో కప్పబడిందో చెప్పే సంఖ్యల) మొత్తం కనిష్ఠం, గరిష్ఠం, సగటు అచ్చవుతాయి, అవి 1కి దగ్గరగా ఉండాలి. సగటు 1 అని సంతోషించకండి, కనిష్ఠం చూడండి. 1 కంటే తగ్గినచోట వెయిట్లను సాగదీసి 1 చేస్తారు. దాంతో స్థిరమైన విలువ స్థిరంగానే దాటుతుంది గానీ ఫ్లక్స్ మొత్తం మారిపోతుంది. లో వెయిట్ కరెక్షన్ అనే సెట్టింగ్ 0.2 అని పెడితే అంతకంటే తక్కువున్న ముఖాల దగ్గర సొంత సెల్ విలువే వాడుకుంటుంది. లెక్క పేలిపోకుండా ఆపుతుందేమో గానీ లీకు ఆపదు.

ఇంకోటి, కంటిన్యుటీ ఎర్రర్ (సెల్‌లోకి వచ్చినదానికీ పోయినదానికీ తేడా) చిన్నగా ఉందని నమ్మేయొద్దు. ఒక్కో సెల్ తన వైపు ఫ్లక్స్‌తోనే లెక్క సరిచూసుకుంటుంది కాబట్టి ఇంటర్‌ఫేస్ మీది తేడా అందులో కనబడదు. ఇంటర్‌ఫేస్‌కి రెండు వైపులున్న ప్యాచ్‌ల (ముఖాల గుంపుల) మీదా ఫై (ముఖం దాటే ఫ్లక్స్) మొత్తాలు విడిగా తీసి పక్కపక్కన పెట్టండి, గుర్తులు ఎదురెదురుగా, సంఖ్యలు ఒకటిగా ఉండాలి.

సరిచేయడానికి: రెండు మెష్‌లకీ ఒకే క్యాడ్ ఉపరితలం వాడండి, చుట్టూ ముక్కల సంఖ్య ఒకటే ఉంచండి, అంచులు సరిగ్గా పట్టుకునేలా ఫీచర్ ఎడ్జ్‌లు (మెష్ తప్పక పాటించాల్సిన అంచు గీతలు) ఇవ్వండి, ఇంటర్‌ఫేస్‌ని బ్లేడు చివర నుంచి కాస్త దూరం జరపండి. వెర్షన్ ఎంచుకోవడం మీ చేతిలో ఉంటే 2022లో వచ్చిన ఓపెన్‌ఫోమ్ 10 లేదా ఆ తర్వాతవి చూడండి, ఓపెన్‌ఫోమ్ ఫౌండేషన్ అనే సంస్థ విడుదల చేసేవి. వాటిలో ముఖాలను కోసి రెండు వైపులా ఉమ్మడి ముఖాలుగానే మార్చేస్తారు, ఇటు పోయింది అటు వచ్చి తీరుతుంది.