జర్మనీలో ఎమ్మెస్: మొదటి సెమిస్టరులోనే మార్చుకోవలసిన బీటెక్ అలవాట్లు

మన ఇంజనీరింగ్ కళాశాలలో హాజరు 75 శాతానికి తగ్గితే నోటీసు బోర్డు మీద పేరు పడుతుంది, పరీక్ష ఫీజు గడువు దగ్గరపడితే సీఆర్ (తరగతి ప్రతినిధి) గ్రూపులో గుర్తుచేస్తారు. ఎమ్మెస్ కోసం జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి వెళ్లేవారు మొట్టమొదట గ్రహించవలసింది, అక్కడ మన వెంటపడి ఇవన్నీ చెప్పేవారు ఎవరూ ఉండరని.

చేరిన మొదటి వారంలోనే మీ కోర్సుకు సంబంధించిన 'ప్రూఫుంగ్స్‌ఆర్డ్‌నుంగ్', అంటే పరీక్షా నిబంధనావళిని తెరిచి చదవండి. చాలాచోట్ల తరగతులకు క్రమం తప్పకుండా వెళ్లినంత మాత్రాన పరీక్ష రాయనివ్వరు. ప్రతి పరీక్షకూ గడువులోగా ఆన్‌లైన్‌లో మీరే పేరు నమోదు చేసుకోవాలి, రాయలేమనుకుంటే మరో గడువులోగా మీరే రద్దు చేసుకోవాలి. ఈ రెండు తేదీలనూ ఆ రోజే ఫోను క్యాలెండరులో వేసుకోండి. పరీక్ష రోజున జ్వరం వస్తే వైద్యుని ధ్రువపత్రం పరీక్షా కార్యాలయానికి వెంటనే చేరాలి, లేకపోతే తప్పినట్లే లెక్క.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. సబ్జెక్టు పోతే సప్లీలో చూసుకోవచ్చునన్న ధీమా మనలో చాలామందికి ఉంటుంది. జర్మనీలో చాలా కోర్సుల్లో ఒక పరీక్షకు మొత్తం మూడు అవకాశాలే ఇస్తారు. తప్పనిసరి సబ్జెక్టులో మూడోసారి కూడా తప్పితే ఆ కోర్సులో కొనసాగే హక్కే పోతుంది, చదువు మీద ఆధారపడిన నివాస అనుమతి కూడా చిక్కుల్లో పడుతుంది. అందుచేత సిద్ధంగా లేని పరీక్షను 'చూద్దాంలే' అని రాయడం కంటే గడువులోగా రద్దు చేసుకోవడమే మేలని నా దృఢమైన అభిప్రాయం.

మార్కుల లెక్క తలకిందులుగా ఉంటుంది: 1.0 అత్యుత్తమం, 4.0 పాస్‌కు ఆఖరి గీత, 5.0 అంటే ఫెయిల్. మన సీజీపీఏను ఈ జర్మన్ లెక్కలోకి మార్చేటప్పుడు గరిష్ఠం నుంచి మీకు వచ్చినదాన్ని తీసివేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, 3తో హెచ్చించి, 1 కలుపుతారు. పదికి 8 వచ్చినవారికి పాస్ గీత 4 అయితే 2.0, అదే 5 అయితే 2.2 వస్తుంది. కనుక పాస్ గీత ఎంతో స్పష్టంగా రాసిన పత్రాన్ని మీ కళాశాల నుంచి ముందే తీసుకోండి.

సెమిస్టరుకు సాధారణంగా 30 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల చదువు. మన మిడ్స్ వంటి సెమిస్టరు మధ్య పరీక్షలు చాలా సబ్జెక్టుల్లో ఉండవు, మార్కులన్నీ చివరి పరీక్ష మీదే. 2024 మార్చి నుంచి విదేశీ విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు. అయితే పరీక్షల ముందు నెలను మాత్రం పనికి ఇచ్చేయకండి.

టైంటేబుల్‌లో 10 పక్కన 'సి.టి.' అని ఉంటే తరగతి 10:15కు మొదలవుతుంది, 'ఎస్.టి.' అని ఉంటే సరిగ్గా 10కే. పాఠం ముగియగానే అందరూ పిడికిలితో బల్ల మీద తడతారు. అది గురువుకు తెలిపే అభినందన, మీరూ తట్టండి.

ఫలితాలు వచ్చాక 'ఐన్‌జిష్ట్' అని ఒక రోజు ప్రకటిస్తారు, ఆ రోజు దిద్దిన మీ జవాబుపత్రాన్ని మీరే చూసుకోవచ్చు. పాసైనా సరే వెళ్లండి. ఎక్కడ మార్కు తగ్గిందో చూసి, దిద్దడంలో పొరపాటు కనిపిస్తే అక్కడే మర్యాదగా అడగండి. అలా అడగడాన్ని అక్కడ ఎవరూ ధిక్కారంగా భావించరు.