గట్టు మీది చెట్టు, గిడసబారిన సాళ్లు: గొడ్డలి తీసేముందు చూడవలసినవి

పక్క సాళ్లలో కంది ఎదగలేదని గట్టు మీది సుబాబుల్‌ను మొదలంటా నరికించిన రైతులు నాకు తెలుసు. చిన్న కందకంతో తీరే పనికి పదేళ్ల చెట్టు పోతుంటే మనసు చివుక్కుమంటుంది.

గట్టు పక్క నాలుగైదు సాళ్లు గిడసబారాయి

చాలామంది నీడను తప్పుపట్టి కొమ్మలు కొట్టేస్తారు. అంతకుముందు, వాన తెరిపి ఇచ్చిన నాలుగైదు రోజులకు మధ్యాహ్నం పూట పొలానికి వెళ్లండి. గట్టు దగ్గర ఆకులు వాలిపోయి, పొలం నడుమ నిటారుగా ఉంటే అది నీటి కోసం పోటీ. గట్టు తూర్పు పడమరలుగా ఉంటే మరో ఆనవాలు: రెండు వైపులా దెబ్బతింటే వేళ్లు, రబీలో ఉత్తరం వైపు మాత్రమే దెబ్బతింటే నీడ.

ఇంకా అనుమానముంటే మొదలుకు రెండు మీటర్ల దూరంలో మోకాలి లోతు గొయ్యి తీసి, దాని గోడను నీళ్లతో మెల్లగా కడగండి. మా ఎర్రనేలలో పై జానెడు మట్టిలోనే సుబాబుల్ పీచు వేళ్లు కంది వేళ్లతో జడలా అల్లుకుని ఉన్నాయి. విడదీయబోతే రెండూ తెగాయి. 1980లలో హైదరాబాద్ ప్రాంతంలో జరిగిన పరిశోధనలో సుబాబుల్ వరుసల పక్కన అర మీటరు లోతుకు పాలిథిన్ షీటు నిలువుగా దించి చూస్తే పైరుకు నష్టం తప్పింది. పోటీ అంతా ఆ పై పొరలోనే.

పరిష్కారం: తొలకరికి ముందు, మొదలుకు మీటరు అవతల, అడుగు వెడల్పు, రెండు మూడు అడుగుల లోతు కందకం తీయండి. మధ్యమధ్య మట్టి అడ్డుకట్టలు వదలండి, లేదంటే అదే వాగై మట్టిని మోసుకుపోతుంది. చెట్టుకు రెండు వైపులా ఒకే ఏడు వేళ్లు తెంచవద్దు, గాలికి ఒరుగుతుంది. వేళ్లు పూడికలోకి మళ్లీ దారి చేసుకుంటాయి కాబట్టి ఏడాది విడిచి ఏడాది తెరవాలి. నీడ అయితే వేసవి చివర కింది కొమ్మలు తీస్తే చాలు.

ఆకు దున్నిన చోట పైరు పసుపెక్కింది

ముదురాకులు ముందు పసుపెక్కితే నత్రజని కొరత. జామాయిల్, టేకు ఎండుటాకులో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని ముందు తాము వాడుకుంటాయి. ఎండుటాకును దున్నకుండా పైన పరచండి, లేదా పేడతో కలిపి కుళ్లనివ్వండి. ఇప్పటికే దున్నేసి ఉంటే కొద్దిగా యూరియా పైపాటుగా వేయండి. గ్లైరిసీడియా అనే పచ్చిరొట్ట చెట్టు లేత రొట్టతో ఈ చిక్కు రాదు, త్వరగా కుళ్లి నత్రజనినిస్తుంది. కొత్తగా గట్టు మీద నాటేవారికి నేను ముందు చెప్పేది అదే.

టేకు కింద మట్టి కొట్టుకుపోతోంది

చెట్టుంటే కోత ఉండదనుకుంటాం. కానీ టేకు వెడల్పాకు మీద చినుకులు కూడి పెద్ద బొట్లై, ఎత్తు నుంచి నేలను గుద్దుతాయి. రాలిన ఆకు పరుపులా ఉంటే ఆ దెబ్బ అదే కాస్తుంది. శుభ్రత కోసమని ఆకును ఊడ్చి కాల్చడమే అసలు కారణం. దయచేసి కాల్చకండి.

చెట్లు నాటి రెండేళ్లయినా నేల మారలేదు

ఇది లోపం కాదు. సేంద్రియ పదార్థం పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఏటా తొలివాన తర్వాత ఒకే చోట పారతో గడ్డ తీసి చూడండి: చేతిలో పొడిపొడిగా విడుతోందా, వానపాములు కనబడుతున్నాయా.