డైవింగ్ మాస్క్ ఆన్‌లైన్‌లో కొనేముందు

బెజవాడ నుంచి అండమాన్‌కో, పుదుచ్చేరికో డైవింగ్‌కి వెళ్లేవాళ్లు కొందరు సామానంతా ముందే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేస్తున్నారు. టార్చ్, స్నార్కెల్ (ముఖం నీళ్లలో ఉంచి ఊపిరి పీల్చుకునే గొట్టం), జాలీ సంచి లాంటివి అలా కొన్నా ఫర్వాలేదు. మాస్క్ మాత్రం ముఖానికి పెట్టి చూడకుండా కొనకండి. మామూలు స్పోర్ట్స్ షాపుల్లో దొరికే ఈత గాగుల్స్ దీనికి పనికిరావు. అవి ముక్కును కప్పవు, లోతుకి వెళ్లేకొద్దీ లోపలి ఒత్తిడి సరిచేసుకునే దారి ఉండదు.

చూసే పద్ధతి తేలికే. పట్టీ తలకి తగిలించకుండా మాస్క్‌ని ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చి, చెయ్యి తీసేయండి. ఊపిరి బిగబట్టినంతసేపూ అది అతుక్కునే ఉండాలి. అంచు కింద వెంట్రుకలు ఇరుక్కోకూడదు. గుబురు మీసం ఉంటే పై పెదవి దగ్గర నీళ్లు కారతాయి, అక్కడ ఇంకాస్త జాగ్రత్తగా చూసుకోండి. అద్దం టెంపర్డ్ గ్లాసేనా (పగిలినా పదునైన పెంకులు కాని గట్టి గాజు) అని కూడా అడగండి.

వైజాగ్ వెళ్లే పనుంటే అక్కడ డైవింగ్ నేర్పేవాళ్లని అడిగి రెండు మూడు మోడళ్లు పెట్టుకుని చూడండి. వాళ్ల దగ్గర అమ్మకానికి ఉంటే, నాలుగు డబ్బులు ఎక్కువైనా అక్కడే కొనడం న్యాయం. వాళ్ల టైమంతా తీసుకుని ఫోన్‌లో ఆర్డర్ పెట్టడం నాకు నచ్చదు.

సిలిండర్‌లోని గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి, అద్దెకి దొరుకుతుంది. కొనే రోజు వస్తే, సర్వీసింగ్ ఎక్కడ చేస్తారో కనుక్కున్నాకే డబ్బు కట్టండి.